టీవీలో మాట ముద్దగా వినిపిస్తుంటే: సౌండ్‌బార్ కొనే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బెంగళూరు మారతహళ్లిలో ఫ్లాట్, హాల్లో గోడకి బిగించిన 55 అంగుళాల టీవీ, ఒంగోలు నుంచి వచ్చి ఉంటున్న అమ్మానాన్నలు. నాన్నగారికి డైలాగులు అర్థం కాక వాల్యూమ్ 45 దాకా పెడతారు, అంతలో ఏ ఫైటో వచ్చి ఇల్లు అదిరిపోతుంది, లోపల గదిలో పడుకున్న పాప లేస్తుంది, మీరు పరిగెత్తుకొచ్చి 15కి దించుతారు, ఆయనకి మళ్లీ వినపడదు. షోరూంలో పెద్ద సబ్‌వూఫర్ (బేస్ కోసం విడిగా ఉండే స్పీకర్) ఉన్న పాతికవేల సౌండ్‌బార్ చూపించారు, కొనమంటారా అని ఒకటి, ప్రకటనలు ఎందుకు అంత గట్టిగా వస్తాయి అని ఇంకొకటి.

సౌండ్‌బార్ ఇప్పుడే వద్దండి. ఆ మోడల్ అయితే అసలే వద్దు. బెంగళూరులో ఇళ్లకు స్పీకర్లు, హోమ్ థియేటర్లు పెట్టడమే నా పని, ఈ ఫిర్యాదు నాకు వస్తూనే ఉంటుంది, ముఖ్యంగా ఊరి నుంచి పెద్దవాళ్లు వచ్చి ఉంటున్న ఇళ్ల నుంచి. అందరూ అడిగేది సౌండు పెరగాలంటే ఏం కొనాలి అనే. మీ ఇంట్లో సౌండు తక్కువై కాదు బాధ, మాట మీద పడుతున్న మిగతా చప్పుడు ఎక్కువై. వాల్యూమ్ పెంచితే మాటతో పాటు ఆ చప్పుడూ పెరుగుతుంది, రెండింటికీ మధ్య తేడా ఎక్కడిదక్కడే ఉంటుంది. అందుకే కింద చెప్పేవన్నీ ఎక్కువగా తగ్గించే పనులే, బేస్ తగ్గించడం, గదిలో ప్రతిధ్వని తగ్గించడం, ఫ్యాను హోరు తగ్గించడం, టీవీకీ కుర్చీకీ మధ్య దూరం తగ్గించడం.

మొదట రెండు పరీక్షలు చేయండి, పైసా ఖర్చు లేదు. ఒకటి, నాన్నగారికి వార్తలు పెట్టండి. నలుగురు ఒకేసారి అరుచుకునే చర్చ కాదు (అది ఎవరికీ అర్థం కాదు), ఒక్కరు కూర్చుని చదివే బులెటిన్. స్టూడియోలో మైకు నోటికి దగ్గరగా ఉంటుంది, వెనక సంగీతం ఉండదు, కాబట్టి అంతకంటే శుభ్రమైన మాట టీవీలో దొరకదు. రెండోది, ఆయన్ని ఇబ్బంది పెట్టిన సినిమాలోదే ఒక సీను ఫోన్‌లో పెట్టి, వైరున్న ఇయర్‌ఫోన్స్‌తో వినిపించండి. వార్తలు బాగానే అర్థమై సినిమా మాత్రమే కాకపోతే, సినిమా సౌండు కలిపిన తీరులోనూ మీ సెట్టింగ్స్‌లోనూ ఉంది తేడా. టీవీలో అర్థం కాని సీను ఇయర్‌ఫోన్స్‌లో చక్కగా అర్థమైతే, తప్పు మీ టీవీ స్పీకర్లదీ మీ హాలుదీ. వార్తలూ అర్థం కాక, ఇయర్‌ఫోన్స్‌లోనూ తడబడుతుంటే మాత్రం ఏ సౌండ్‌బార్ కొన్నా డబ్బు దండగ, ముందు చెవి చూపించాలి. దాని గురించి చివర్లో చెబుతాను, వదిలేయకుండా చదవండి.

అసలు మాట ఎందుకు ముందుగా దెబ్బతింటుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. మనం మాట్లాడేటప్పుడు గట్టిగా వినిపించేవి అచ్చులు. వాటి బలం ఎక్కువగా 1000 హెర్ట్జ్ లోపే ఉంటుంది (హెర్ట్జ్ అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది). కానీ ఏ మాట అన్నారో తేల్చేవి హల్లులు. కట్టు, పట్టు, తట్టు, ఈ మూడింటిలో మొదటి హల్లు వినపడకపోతే మూడూ ఒకటే. ఈ హల్లుల జాడ, మరీ ముఖ్యంగా స, శ, చ, త లాంటివి, 2000 నుంచి 8000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, చాలా బలహీనంగా ఉంటుంది. వయసుతో పాటు చెవి మొదట కోల్పోయేది కూడా ఆ పై భాగాన్నే. అందుకే పెద్దవాళ్లు "వినపడుతోంది గానీ ఏమంటున్నాడో తెలియట్లేదు" అంటారు. అది సాకు కాదు, అక్షరాలా జరిగేది అదే. దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది, లోతైన బేస్ శబ్దం దానికి పైనున్న సన్నని శబ్దాల్ని కప్పేస్తుంది, సన్నని శబ్దం బేస్‌ని అంతగా కప్పలేదు. డప్పు మోగుతుంటే పక్కవాడి మాట వినపడదు కదా. కాబట్టి మాట అర్థం కాని ఇంటికి సబ్‌వూఫర్ తేవడమంటే రోగానికి విరుద్ధమైన మందు తేవడం.

ఇక టీవీ సంగతి. పాత డబ్బా టీవీకి స్పీకర్లు తెరకి అటూ ఇటూ ఉండి తిన్నగా మన మొహం వైపు చూసేవి, లోపల కావలసినంత ఖాళీ ఉండేది. ఇప్పటి పల్చటి టీవీలో చాలావరకు స్పీకర్లు అడుగునో వెనకో ఉంటాయి. శబ్దం ముందు నేలకో గోడకో టీవీ యూనిట్ చెక్కకో తగిలి, చెదిరి, అప్పుడు మీ దగ్గరికి వస్తుంది. బేస్ శబ్దం మలుపు తిరిగి ఎలాగోలా వస్తుంది, హల్లుల సన్నని శబ్దం మాత్రం స్పీకర్ ఎటు చూస్తుంటే అటే పోతుంది. మీది గోడలోకి దిగి ఉన్న చెక్క గూట్లో బిగించి ఉంటే ఇంకా ఘోరం. ఈమధ్య ఇంటీరియర్ వాళ్లు టీవీ చుట్టూ ఫ్రేము కట్టి, కింద అరంగుళం సందు వదిలి వెళ్లిపోతున్నారు. చూడ్డానికి బాగుంటుంది. స్పీకర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టినట్టే అది.

సినిమా వైపు నుంచి కూడా కొంత ఉంది. థియేటర్లో మాట కోసం తెర వెనక మధ్యలో ప్రత్యేకంగా ఒక స్పీకర్ ఉంటుంది, సెంటర్ ఛానల్ అంటాం. సంగీతం, కొట్లాట శబ్దాలు ఎక్కువగా మిగతా స్పీకర్లలోంచి వస్తాయి. వేరువేరు చోట్ల నుంచి వస్తాయి కాబట్టి మెదడు వాటిని విడదీసుకుంటుంది. అదే 5.1 మిక్స్ (అయిదు స్పీకర్లు, ఒక వూఫర్ కోసం కలిపిన సౌండు) మీ టీవీకి వచ్చేసరికి అన్నీ కలిపి రెండు చిన్న స్పీకర్లలోకి కుక్కేస్తారు. మామూలు లెక్క ప్రకారం సెంటర్ ఛానల్‌ని 3 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) తగ్గించి ఎడమకీ కుడికీ పంచుతారు. మాట పోదు, కానీ సంగీతం వచ్చే నోటి నుంచే మాటా రావాలి. పైగా థియేటర్ మిక్స్ ఎంత సౌండు కోసం చేసిందో చూడండి, ఒక్కో ప్రధాన స్పీకర్‌ని 85 డెసిబెల్స్‌కి సరిచూసిన గదిలో కూర్చుని చేస్తారు. మీ హాల్లో అంత పెడితే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు తలుపు తడతారు. ఓటీటీ కోసం మళ్లీ మిక్స్ చేసినా తేడా పూర్తిగా పోదు. నెట్‌ఫ్లిక్స్ తన నిర్మాతలకు ఇచ్చే కొలత ప్రకారం మాట సగటు మైనస్ 27 డెసిబెల్స్ దగ్గర ఉండాలి, గరిష్ఠ శబ్దం మైనస్ 2 దాటకూడదు (డిజిటల్ సౌండులో సున్నాయే పై హద్దు, లెక్క అక్కడి నుంచి కిందికి). అంటే మాటకీ పేలుడుకీ మధ్య 25 డెసిబెల్స్ దాకా తేడా ఉండొచ్చని వాళ్ల నియమమే ఒప్పుకుంటోంది. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి సుమారు రెట్టింపు గట్టిగా అనిపిస్తుంది, ఇక 25 అంటే మీ పాప ఎందుకు లేస్తుందో అర్థమవుతుంది. నాన్నగారు "పాత సినిమాల్లో ప్రతి ముక్కా తెలిసేది" అంటే తీసిపారేయకండి. మోనో సౌండు రోజుల్లో ఉన్న ఒక్క ట్రాకులో మాటకే పెద్దపీట, నటులు కూడా వినపడేలా పలికేవాళ్లు.

సరే, రిమోట్ చేతిలోకి తీసుకోండి. సినిమా ఎక్కడి నుంచి వస్తోందో అక్కడ మొదలుపెట్టాలి, టీవీ దగ్గర కాదు. ఓటీటీ యాప్ అయితే సినిమా నడుస్తుండగా ఆడియో, సబ్‌టైటిల్స్ మెనూ తెరవండి. తెలుగు 5.1 అని, మామూలు తెలుగు లేదా స్టీరియో అని రెండూ ఉంటే స్టీరియో పెట్టి చూడండి. టీవీ తన లెక్కతో 5.1ని కుదించడం కంటే, కొన్నిసార్లు స్టీరియో కోసమే చేసిన ట్రాకు నయం. ప్రైమ్ వీడియోలో డైలాగ్ బూస్ట్ అని ఒక సదుపాయం 2023లో ఇంగ్లీషు వాటితో మొదలైంది, అన్ని సినిమాలకూ ఉండదు, ఆడియో మెనూలో భాష పక్కన ఆ పేరు కనిపిస్తే మీడియమ్ పెట్టండి, హై పెడితే గొంతు కాస్త రేకుడబ్బాలా ఉంటుంది. కేబుల్, డీటీహెచ్ బాక్స్ అయితే ఇంకో సంగతి: బాక్స్ వాల్యూమ్ ఎక్కడో సగంలో ఉండిపోయి, టీవీ వాల్యూమ్‌ని పైకి తోస్తుంటారు చాలా ఇళ్లలో. బాక్స్ వాల్యూమ్ పూర్తిగా పెట్టేసి ఇక ముట్టుకోకండి, టీవీ రిమోట్‌తోనే ఎక్కువ తక్కువ చేయండి. బాక్స్ మెనూలో ఆడియో అవుట్‌పుట్ దగ్గర డాల్బీ, స్టీరియో లేదా పీసీఎం అని ఉంటే, బయట స్పీకర్లేవీ లేనంతవరకు స్టీరియో లేదా పీసీఎం.

తర్వాత టీవీ. సౌండ్ మోడ్‌లో సినిమా, మ్యూజిక్, సరౌండ్, వర్చువల్ లాంటి పేరున్నదేదైనా ఉంటే తీసేయండి. ఇవి శబ్దాన్ని పక్కలకి వ్యాపింపజేసే మాయలు, మధ్యలో ఉండాల్సిన మాట వీటివల్ల పలచబడుతుంది. వాటి బదులు మాటని పైకి తెచ్చేది పెట్టండి: ఎల్జీలో క్లియర్ వాయిస్, సోనీలో డైలాగ్ మోడ్, వాయిస్ జూమ్, సామ్‌సంగ్‌లో యాంప్లిఫై, కొన్ని మోడళ్లలో యాక్టివ్ వాయిస్ యాంప్లిఫయర్. మోడల్‌ని బట్టి పేరూ చోటూ మారతాయి, కానీ సౌండు మెనూలో మాట, గొంతు అనే అర్థం వచ్చేది ఏదో ఒకటి దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది. దాంతో పాటు ఆటో వాల్యూమ్ లేదా నైట్ మోడ్ ఆన్ చేయండి. ఇది గట్టి శబ్దాన్ని కిందికి, మెల్లని శబ్దాన్ని పైకి తెస్తుంది. సినిమా పిచ్చి ఉన్నవాళ్లు దీన్ని తిడతారు, దర్శకుడి ఉద్దేశం చెడిపోతుందంటారు. పాప నిద్రపోయే ఇంట్లో దర్శకుడి ఉద్దేశం రెండో వరస.

ఈక్వలైజర్ (బేస్‌నీ సన్నని శబ్దాల్నీ విడివిడిగా పెంచి తగ్గించే మెనూ) ఉంటే దాన్ని వదలకండి, నా లెక్కలో మొత్తం మెనూలో అన్నిటికంటే పనికొచ్చేది అదే. కొన్ని టీవీల్లో అయిదు గీతలు, కొన్నిట్లో ఏడు ఉంటాయి. 100 హెర్ట్జ్ గీతని 4 లేదా 5 మెట్లు కిందికి, 200-300 దగ్గర 2 మెట్లు కిందికి, 1000 అలాగే, 2000 నుంచి 5000 మధ్య ఉన్నవి 3 మెట్లు పైకి, 10000 ఒకటి పైకి. ముందు కిందివి తగ్గించి ఒక పూట వినండి, ఆ తర్వాతే పైవి పెంచండి. చాలామంది నేరుగా పైవి పెంచేసి, చెవిలో గుచ్చుకుంటోందని అన్నీ పాత స్థితికి తెచ్చేస్తారు. మీకు పలచగా, రేడియోలా అనిపిస్తుంది. పర్లేదు, వింటున్నది మీరు కాదు. ప్రతి మార్పుకీ ఒకటే సీను, ఒకటే వాల్యూమ్, నాన్నగారు ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చోబెట్టి వినిపించండి. బాగుందా అని అడగొద్దు, ఏమన్నాడో చెప్పమని అడగండి. బాగుందా అంటే పెద్దవాళ్లు మీ శ్రమ చూసి బాగుందనే అంటారు.

ఇప్పుడు హాలు. నిజానికి సగం ఇళ్లలో అసలు దోషి ఇదే, ఎవరూ అటు చూడరు. మన బెంగళూరు ఫ్లాట్లన్నీ ఒకటే తీరు, నేల నిండా విట్రిఫైడ్ టైల్స్, బాల్కనీకి నిలువెత్తు గాజు తలుపు, నున్నటి గోడలు, పైన కాంక్రీటు. టైల్ తన మీద పడిన శబ్దంలో నూటికి ఒకటి రెండు వంతులు మాత్రమే పీల్చుకుంటుంది, మిగతాదంతా వెనక్కి కొడుతుంది. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. చప్పట అయిపోయాక కూడా జంయ్ మని తోక వినిపిస్తే, ప్రతి డైలాగ్‌కీ అదే తోక ఉందన్నమాట, ముందు అక్షరం తోక వచ్చి వెనక అక్షరం మీద పడుతోందన్నమాట. మాట స్పష్టంగా ఉండాలంటే గదిలో శబ్దం అర సెకను అటూ ఇటూలో ఆరిపోవాలి, సామాను లేని ఖాళీ హాలులో సెకను దాటి సాగుతుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాస మందిరంలో మాస్టారు చెప్పేది ఎవరికీ అర్థం కావట్లేదని వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడికి ఆ పని అప్పగించారు. ఆయన రాత్రుళ్లు పక్క థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఎన్ని మెత్తలు పరిస్తే శబ్దం ఎంతలో ఆరుతుందో కొలుస్తూ కూర్చున్నాడు. ఇప్పటికీ గది ప్రతిధ్వని లెక్కకి వాడే సూత్రం ఆయనదే. స్పీకర్ మార్చలేదు, మాట్లాడేవాణ్ని మార్చలేదు, మెత్తలు వేశాడంతే.

మీరు చేయాల్సిందీ అంతే. సోఫాకీ టీవీకీ మధ్య మందపాటి తివాచీ ఒకటి, కనీసం ఆరడుగులు ఎనిమిదడుగులది. పల్చటి జూట్ చాప అందంగా ఉంటుంది, పెద్దగా పని చేయదు. గాజు తలుపుకి బరువైన గుడ్డ కర్టెన్లు, బిగుతుగా కాకుండా మడతలు మడతలుగా పడేలా, తలుపు వెడల్పుకి రెట్టింపు గుడ్డ తీసుకోండి. వెదురు బ్లైండ్లు, ప్లాస్టిక్ పట్టీలు దీనికి దండగ. సోఫా వెనక గోడ ఖాళీగా ఉంటే పుస్తకాల అర పెట్టండి, లేదా మందపాటి గుడ్డ వేలాడదీయండి. తోలు సోఫా కంటే గుడ్డ సోఫా మేలు, కానీ దీనికోసం సోఫా మార్చమని నేను చెప్పను. కోడిగుడ్ల అట్టలు అంటించడం, అంగుళం మందం నల్ల ఫోమ్ ముక్కలు ఆన్‌లైన్‌లో కొని గోడంతా అతికించడం మాత్రం చేయకండి. అమ్మగారు ఊరుకోరు, ఫలితమూ అంతంతమాత్రమే.

సోఫాని ముందుకి జరపండి, ఇది మాత్రం తప్పకుండా. పన్నెండడుగుల దూరంలో ఉన్న కుర్చీని ఎనిమిదడుగులకి తెస్తే, స్పీకర్ నుంచి నేరుగా వచ్చే శబ్దం మూడున్నర డెసిబెల్స్ పెరుగుతుంది, గదిలోంచి తిరిగొచ్చే శబ్దం మాత్రం అంతే ఉంటుంది. వాల్యూమ్ మీట మాట ఒక్కదాన్నే ఇలా పెంచలేదు. హాలంతా జరపడం కుదరకపోతే నాన్నగారి కుర్చీ ఒక్కటే ముందుకి వేయండి.

ఫ్యాను. అయిదు మీద తిరిగే సీలింగ్ ఫ్యాను సరిగ్గా తల మీద ఉంటే, మాటని మింగే హోరు అదే. మూడుకి దించండి, బెంగళూరులో ఏడాదిలో ఎక్కువ నెలలు అది చాలు. ఈ ఊరి చల్లగాలి కోసం సాయంత్రం కిటికీలన్నీ తీసిపెట్టుకుంటాం, ఔటర్ రింగ్ రోడ్ మొత్తం ఇంట్లోకి వస్తుంది. టీవీ చూసే రెండు గంటలు రోడ్డు వైపువి మూసి, లోపలి వైపువి తెరవండి. హెచ్ఏఎల్ విమానాశ్రయం నుంచి ఏదైనా విమానం లేచిందంటే ఎవరికీ ఏమీ వినపడదు, దానికి మందు లేదు. వంటింట్లో మిక్సీకి, కుక్కర్ విజిల్‌కి సీరియల్ సమయం తప్పించగలిగితే మీ అదృష్టం.

ఇవన్నీ చేశాక కూడా ఇయర్‌ఫోన్ పరీక్షలో వచ్చినంత స్పష్టత రాకపోతే అప్పుడు స్పీకర్ కొనండి. కొనేటప్పుడు అంకెలు చూడండి. 2.1 అంటే ఎడమ, కుడి, ఒక వూఫర్, మాటకి ప్రత్యేకంగా ఏమీ లేదు. 3.1 అంటే మధ్యలో సెంటర్ ఛానల్ ఉంది. మీకు కావాల్సింది ఆ సెంటర్, దాని సౌండు ఒక్కదాన్నే విడిగా పెంచే మీట రిమోట్‌లో గానీ యాప్‌లో గానీ ఉండాలి. అది లేని బార్, సెంటర్ ఉన్నా సరే, నేను పెద్దవాళ్ల ఇంటికి పెట్టను. వాట్లు చూసి మోసపోకండి. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకునే మాట మీటరు దూరంలో 60 డెసిబెల్స్ చుట్టూ ఉంటుంది, దానికి 400 వాట్లు అక్కర్లేదు. షోరూంలో వినిపించేది కారు రేసో, బాంబు పేలుడో, వూఫర్ ఊగిపోయే పాటో. మీరు మాత్రం నాన్నగారికి అర్థం కాని ఆ సీనే ఫోన్‌లో తీసుకెళ్లి పెట్టమనండి, వూఫర్‌ని సున్నాకి దించమనండి. ఇంట్లో విని నచ్చకపోతే వెనక్కి ఇవ్వొచ్చా అన్నది బిల్లు కట్టే ముందే అడగండి.

టీవీకి కలపడం హెచ్‌డీఎంఐ తోనే, టీవీ వెనక ఆర్క్ లేదా ఈఆర్క్ అని రాసి ఉన్న పోర్టుకే. వేరే హెచ్‌డీఎంఐ పోర్టుకి పెట్టి సౌండు రావట్లేదని ఫోన్ చేసేవాళ్లు ఎంతమందో. టీవీ మెనూలో సీఈసీ కూడా ఆన్ చేయాలి, అదే సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్జీలో సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్ పేరుతో ఉంటుంది. అప్పుడు ఒకే రిమోట్‌తో సౌండు మారుతుంది, పెద్దవాళ్లకి రెండు రిమోట్లు ఇస్తే ఆ బార్ నెల తిరక్కుండా మూలపడుతుంది. ఆర్క్ లేకపోతే ఆప్టికల్ తీగ. బ్లూటూత్‌తో బార్ కలపొద్దు, పెదవి కదిలాక మాట వస్తుంది, మనమందరం తెలియకుండానే పెదవుల్ని చూసి సగం మాట పట్టుకుంటాం కాబట్టి ఆ ఆలస్యం వల్ల అర్థం కావడం ఇంకా తగ్గుతుంది. బార్ పెట్టాక దాన్నీ గూట్లోకి తోసేయకండి, అర అంచు దాకా ముందుకి లాగండి. వూఫర్‌ని మూలన పెట్టకండి, దాని సౌండు సగానికంటే తక్కువ మీద ఉంచండి. కింది ఫ్లోర్ వాళ్లూ సంతోషిస్తారు.

ఇంట్లో పాత స్టీరియో ఆంప్లిఫయర్, రెండు చెక్క డబ్బా స్పీకర్లు మూలన పడి ఉంటే అసలు బార్ కొనక్కర్లేదు. ఆప్టికల్‌ని మామూలు ఆడియోగా మార్చే చిన్న డబ్బా ఎస్పీ రోడ్‌లో ఏ ఎలక్ట్రానిక్స్ కొట్లోనైనా దొరుకుతుంది, దాంతో కలిపి స్పీకర్లని టీవీకి అటూ ఇటూ చెవి ఎత్తులో పెడితే పాతికవేల బార్ కంటే మాట బాగుంటుందని నా గట్టి నమ్మకం. అప్పుడు టీవీ సౌండ్ అవుట్‌పుట్‌ని పీసీఎం మీద పెట్టాలి, లేకపోతే ఆ డబ్బాకి డాల్బీ అర్థం కాక నిశ్శబ్దంగా కూర్చుంటుంది. ఇంకొకటి, తీగలు కలిపేటప్పుడు ఎర్ర, నల్ల కొసలు రెండు స్పీకర్లకీ ఒకే వరసలో ఉండాలి. ఒకదానికి తిరగబడితే రెండు స్పీకర్లూ ఒకదానికొకటి ఎదురు తిరిగి, సరిగ్గా మధ్యలో ఉండాల్సిన మాటే చెదిరిపోతుంది. పాటలు బాగా వస్తున్నాయి, మాట మాత్రం ఎక్కడి నుంచి వస్తోందో తెలియట్లేదు అని ఎవరైనా అంటే నేను మొదట చూసేది ఆ తీగలే.

రాత్రుళ్లు పాప పడుకున్నాక నాన్నగారు ఒక్కరే చూస్తారని రాశారు. దానికి టీవీ కోసమే చేసే వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ ఉన్నాయి, బ్లూటూత్ కాకుండా సొంత ట్రాన్స్‌మిటర్‌తో వచ్చేవి, ఆలస్యం ఉండదు, చార్జింగ్ స్టాండ్ మీద పెడితే చాలు, జత చేసే తలనొప్పి లేదు. చెవులు కప్పుకోవడం ఇష్టపడని వాళ్లకి కుర్చీ పక్కన బల్ల మీద పెట్టుకునే చిన్న టీవీ స్పీకర్, అదీ అదే పద్ధతి. శబ్దం చెవికి రెండడుగుల్లో ఉంటే వాల్యూమ్ ఎంత తక్కువైనా మాట తెలుస్తుంది, హాలు ప్రతిధ్వని బెడద పోతుంది. ఇంట్లో ఉన్న నెక్‌బ్యాండ్‌తోనే సరిపెట్టాలంటే టీవీ మెనూలో ఏవీ సింక్ (బొమ్మకీ మాటకీ మధ్య ఆలస్యాన్ని సర్దేది) సర్దుబాటు ఉందేమో చూడండి, టీవీ స్పీకర్లూ బ్లూటూతూ ఒకేసారి పనిచేసే సదుపాయం ఉంటే అమ్మగారు కూడా పక్కన కూర్చుని చూడొచ్చు. సబ్‌టైటిల్స్ పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. తెలుగు సినిమాకి తెలుగు అక్షరాలు ఉంటే పెట్టండి, చాలాసార్లు ఇంగ్లీషు ఒక్కటే ఉంటుంది, అది ఆయనకి ఎంత ఉపయోగమో మీకే తెలుసు.

ఇక చెవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 దాటినవాళ్లలో నూటికి 25 మందికి పైగా రోజువారీ జీవితానికి అడ్డొచ్చే వినికిడి లోపం ఉంది. నాన్నగారికి మగ గొంతు కంటే ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు ఎక్కువ ఇబ్బంది పెడుతోందా, ఫోన్లో బానే మాట్లాడి నలుగురు కూర్చున్న చోట తడబడుతున్నారా, గమనించండి. ముందు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర గులిమి ఉందేమో చూపించండి, నిజంగానే కొందరికి అక్కడితో సగం బాధ తీరిపోతుంది. ఇంట్లో దూదిపుల్లలతో కెలకొద్దు, గులిమి లోపలికి పోతుంది. ఆ తర్వాత ఆడియోగ్రామ్, బయటి శబ్దం రాని గదిలో కూర్చోబెట్టి 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో శబ్దం ఎంత మెల్లగా వినగలరో కొలుస్తారు, నొప్పీ సూదీ ఏమీ లేవు. మాటలు గుర్తుపట్టే పరీక్ష కూడా చేయమని అడగండి, అది తెలుగు పదాలతో చేయగలరా అని ముందే కనుక్కోండి, రాని భాషలో పరీక్ష పెడితే లెక్క తప్పుతుంది. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది, దేశంలో ఈ రంగానికి పేరున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, మీకు కొన్ని గంటల ప్రయాణమే.

వినికిడి యంత్రం అవసరమని తేలితే ఆడియోగ్రామ్ చూసి ఆయన చెవికి సరిపడా సర్దేదే తీసుకోండి. ఆన్‌లైన్‌లో వెయ్యి రెండు వేలకి దొరికే యంత్రాలు చాలావరకు అన్ని శబ్దాల్నీ ఒకేలా పెంచే ఆంప్లిఫయర్లు, ఫ్యాను హోరు సహా. కొన్ని మంచి యంత్రాలకి టీవీ స్ట్రీమర్ అని ఒక చిన్న పరికరం విడిగా వస్తుంది, టీవీ మాట నేరుగా చెవిలోకి పంపుతుంది, ఇంట్లో మిగతావాళ్లు వాళ్లకి కావాల్సిన వాల్యూమ్‌లో చూసుకోవచ్చు. ఒక్క హెచ్చరిక: ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి, ఒకటి రెండు రోజుల్లో మూసుకుపోయినట్టైతే అది టీవీ సమస్య కాదు, వయసూ కాదు, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నాన్నగారిని ఎలా ఒప్పించాలంటారా, మీకు చెవుడు వచ్చింది పదండి అంటే ఎవరూ రారు. బీపీ, షుగర్ చూపించుకున్నట్టే ఏడాదికోసారి అందరం చూపించుకుందాం అని మీరూ ఆ కుర్చీలో కూర్చోండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగుల్లో గంటలు గంటలు గడిపే మీకూ ఆ పరీక్ష అవసరమే.

ప్రకటనల సంగతి. కేబుల్ టీవీ నియమాలు, 1994 ప్రకారం ప్రకటనల సౌండు మరీ గట్టిగా ఉండకూడదని రాసే ఉంది. అయినా ఎందుకు అనిపిస్తుందంటే, సీరియల్లో మాట మెల్లగా, ఏడుపు గట్టిగా, మధ్యలో మౌనం, ఇలా ఎగుడుదిగుడులుంటాయి. ప్రకటనలో మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా ప్రతి ముక్కనీ నొక్కి ఒకే ఎత్తుకి తెస్తారు, గరిష్ఠ కొలత అంతే ఉన్నా చెవికి ఎక్కువగా వినిపిస్తుంది. పైన చెప్పిన ఆటో వాల్యూమ్ దీన్ని చాలావరకు సర్దుతుంది. మిగిలిన దానికి నాన్నగారి రిమోట్‌లో మ్యూట్ బటన్ మీద ఎర్ర స్టిక్కర్ ఒకటి అంటించండి.